రెక్క విప్పితే గానీ తెలియలేదు

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక మేట మీద వందకు పైగా సీగల్స్, అన్నీ గాలికి ఎదురు తిరిగి కూర్చున్నాయి. జనవరి ఆదివారం, విశాఖ నుంచి తెల్లారి బస్సుకే వచ్చేశాం, ముగ్గురికీ కలిపి ఒక్కటే బైనాక్యులర్.

దాదాపు అన్నీ బ్రౌన్ హెడెడ్ గల్సే. లడఖ్, టిబెట్ వైపు 4,500 మీటర్ల ఎత్తులో ఉండే సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే రోజుల్లో వీటి తల చాక్లెట్ రంగులో ఉంటుంది, మన దగ్గరకొచ్చేసరికి ఆ ఈకలు రాలిపోయి చెవి దగ్గర మసిబొట్టు ఒకటి మిగులుతుంది. దీని చుట్టం బ్లాక్ హెడెడ్ గల్‌దీ అదే తంతు (దాని తలా నిజానికి చాక్లెట్ రంగే, పేరు పెట్టినవాళ్లు దూరం నుంచి చూసినట్టున్నారు). కాబట్టి చలికాలంలో తల చూసి లాభం లేదు, కన్ను చూడాలి. బ్రౌన్ హెడెడ్‌కి కంటిపాప చుట్టూ తెల్లగా ఉండి కోపంగా చూస్తున్నట్టుంటుంది, బ్లాక్ హెడెడ్‌కి కన్నంతా నలుపే.

గుంపు చివర ఒకదానికి నల్లకన్ను! "బ్లాక్ హెడెడ్" అనేసి నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాసేశాను.

"ఒరేయ్, తోక చూడరా ముందు" అన్నాడు మావాడు. తోక చివర నల్లటి పట్టీ ఉంది. అంటే పిల్ల. కానీ ఏ జాతి పిల్ల? ఆ పట్టీ రెండింటి పిల్లలకీ ఉంటుంది.

ఇంతలో ఎక్కడిదో ఓ కుక్క పరిగెత్తుకొచ్చింది, గుంపంతా లేచింది. బ్లాక్ హెడెడ్ అయితే రెక్క ముందంచున తెల్లటి చీలిక కొసదాకా మెరవాలి. దీని రెక్క కొసలు మాత్రం బొగ్గు నలుపు. పక్కనే ఎగురుతున్న పెద్దవాటికి ఆ నలుపులో తెల్లచుక్కలున్నాయి, పక్షులు చూసేవాళ్లు వాటిని మిర్రర్స్ అంటారు. పిల్లలకి మొదటి ఏడాది అవి రావు, కన్ను కూడా ఇంకా తెల్లబడదు. అంటే మా వింత పక్షి మామూలు బ్రౌన్ హెడెడ్ పిల్లే!

అన్నట్టు, ఆ నలుపు సోకు కోసం కాదు. మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఉన్న ఈక గట్టిగా ఉంటుంది, తెల్ల ఈక తొందరగా అరిగిపోతుంది, ఎగిరేటప్పుడు రాపిడి ఎక్కువ పడేదేమో కొసల మీద.

నోట్‌బుక్‌లో ఆ లైను కొట్టేసి, నిరాశగా ఏమీ లేదు, పుట్టి ఆరేడు నెలలైనా అయిందో లేదో అంత ఎత్తు నుంచి బంగాళాఖాతం దాకా వచ్చేసిన దాన్ని మళ్లీ వెతుకుతుంటే, తిరిగొచ్చి ఈసారి మాకు ఇంకాస్త దగ్గరగా వాలింది.