పావ్‌లోవ్, స్కిన్నర్, మన అడ్డపొగ

డీఎస్సీకి చదివినవాళ్లెవరూ పావ్‌లోవ్ కుక్కనీ స్కిన్నర్ ఎలుకనీ అంత తొందరగా మర్చిపోరు. తిండికి ముందు వచ్చే చప్పుడు వినగానే ఆ కుక్కకి నోరూరేది, మీట నొక్కితే తిండి వస్తుందని తెలిశాక ఆ ఎలుక మళ్లీ మళ్లీ నొక్కేది. ఆ అభ్యసన సిద్ధాంతాలతోనే పొగతాగుడు, జూదం లాంటి వ్యసనాల్ని కూడా వివరిస్తారు. వ్యసనం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకునేదే అని వాటి వాదన. అదెంత నిజమో తేల్చుకోవడానికి మన శ్రీకాకుళం తీరంలో అడ్డపొగను చూస్తే చాలు.

అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చడం. తాగేది ఎక్కువగా ఆడవాళ్లే. వేరేచోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ వీళ్లలో ఎక్కువ.

ఫలితం బాగుంటే ఆ పని మళ్లీ చేస్తాం, బాధపెడితే మానేస్తాం అంటాడు స్కిన్నర్. మరి మొదటిసారి నోట్లో నిప్పు పెట్టుకున్నప్పుడు దొరికేది వేడీ, దగ్గూ, తల తిరుగుడే కదా, మొదటి సిగరెట్టూ అంతే, ఆ లెక్కన అక్కడితోనే ఆగిపోవాలి. ఆగదు. అమ్మ, అమ్మమ్మ, మేనత్త తాగుతుంటే చూస్తూ పెరిగిన గుంటకి అది పెద్దవాళ్లు చేసే మామూలు పని. అంటే మొదలుపెట్టడాన్ని వివరించేది స్కిన్నర్ కాదు, ఎదుటివాళ్లని చూసి నేర్చుకుంటామన్న మనస్తత్వవేత్త బందూరా.

అలవాటు పడ్డాక మాత్రం స్కిన్నర్ మాట చెల్లుతుంది. పీల్చిన నికోటిన్ సెకన్లలోనే మెదడుకి చేరి, బహుమతి దొరికినప్పుడు పెరిగే డోపమైన్ అనే రసాయనాన్ని పెంచుతుంది, కాబట్టి ప్రతి దమ్మూ ఒక బహుమతే. కొన్నాళ్లకి బహుమతి కన్నా, తాగకపోతే వచ్చే చిరాకు పోవడమే ముఖ్యమైపోతుంది. టెన్షన్ తగ్గడానికే తాగుతున్నాం అనేవాళ్ల టెన్షన్‌లో కొంత, ముందు తాగిన సిగరెట్ ప్రభావం దిగిపోవడం వల్ల వచ్చిందే. ఇక టీ గ్లాసు చేతికి రాగానే సిగరెట్ గుర్తురావడం పావ్‌లోవ్ చెప్పిన సంగతి. కార్టర్, టిఫనీ అనే పరిశోధకులు 1999లో 41 అధ్యయనాలు కలిపి చూస్తే, వ్యసనాన్ని గుర్తుచేసే వస్తువులు కనబడితే చాలు, కోరిక బాగా పెరుగుతోందని తేలింది.

జూదం దగ్గర సిద్ధాంతం సగం దూరమే వస్తుంది. గెలుపు ఎన్నో ఆటకి వస్తుందో తెలియకపోతే అలవాటు గట్టిపడుతుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లోనే చూపించారు, ఎంత పోగొట్టుకున్నా ఫోన్‌లో రమ్మీ ఆపలేకపోవడం దీనితో అర్థమవుతుంది. కానీ ‘ఒక్క ముక్క పడుంటే షో’ అనుకుంటూ మళ్లీ కూర్చునేవాడి సంగతేంటి? అతనికి దక్కింది ఓటమే, బహుమతి కాదు. 2009లో క్లార్క్ బృందం ప్రయోగంలో, తృటిలో తప్పిపోయిన ఆట గెలుపుకి స్పందించే మెదడు భాగాల్నే కదిలించింది. ఆట తమ చేతుల్లో ఉందనుకున్నప్పుడు అలాంటి ఓటమి ఇంకా ఆడాలన్న కోరికనీ పెంచింది. ఎలుక మీట నొక్కడంతో దీన్ని చెప్పలేం, మనిషి ఏమనుకుంటున్నాడో కూడా లెక్కలోకి రావాలి.

ఇంకో పెద్ద లోటు కూడా ఉంది. సంక్రాంతికి పేకాడినవాళ్లందరూ జూదగాళ్లు కారు. ఒకే తల్లిని చూసి పెరిగిన అక్కచెల్లెళ్లలో ఒకరు పొగ పట్టుకుంటే ఒకరు ముట్టరు. ఇందులో జన్యువుల పాత్ర గట్టిగానే ఉందని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి, నేర్చుకోవడం మీద మాత్రమే ఆధారపడే సిద్ధాంతం దగ్గర దీనికి జవాబు లేదు.

అయినా ఆ సిద్ధాంతాన్ని నేను పక్కన పెట్టను, ఎందుకంటే వ్యసనపరుణ్ని బుద్ధిలేనివాడని తిట్టడం కన్నా అది ఎంతో మేలు. మళ్లీ ఎందుకు మొదలుపెడతారో కూడా అదే చెబుతుంది: ఆసుపత్రి గదిలో చల్లారిన కోరిక పాత చోటికి, పాత స్నేహితుల మధ్యకి వెళ్లగానే తిరిగొస్తుంది, కాబట్టి మానడం నేర్పాల్సింది ఆసుపత్రి గదిలోనే కాదు, రోజూ కూర్చునే ఆ టీ బడ్డీ దగ్గర కూడా.