ప్లే స్టోర్ లేని ఫోన్లు: పేచీ ఫైలుది కాదు, లైసెన్సుది

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు "అన్నా, దీంట్ల ప్లే స్టోర్ ఎక్కియ్యాలె" అంటూ వచ్చే ఫోన్లలో ఎక్కువ రెండే రకాలు. ఒకటి, చైనా మార్కెట్ కోసం తయారైనవి. రెండోది, దుబాయ్ నుంచి చుట్టాలు తెచ్చిన హువావేలు. పైకి లోపం ఒకటే, మందు మాత్రం వేరు.

ఆండ్రాయిడ్ మూల కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు. ప్లే స్టోర్, యాప్‌లకు లాగిన్, నోటిఫికేషన్ల వంటివి అందించే ప్లే సర్వీసెస్ మాత్రం గూగుల్ సొత్తు. వాటిని ఫోన్లో పెట్టాలంటే తయారీదారుకు లైసెన్సు ఉండాలి. ఈ తేడా 2009 సెప్టెంబరులోనే రచ్చకెక్కింది. సయనోజెన్‌మాడ్ అనే కస్టమ్ రోమ్‌లో (ఫోన్‌తో వచ్చినదాని బదులు ఎక్కించుకునే, బయటివాళ్లు మార్చిన ఆండ్రాయిడ్) గూగుల్ యాప్‌లు కలిపి ఇస్తున్నారని గూగుల్ నోటీసు పంపింది. కస్టమ్ రోమ్‌ను ఒక ఫైలుగా, జీయాప్స్‌ను, అంటే గూగుల్ యాప్‌ల మూటను, ఇంకో జిప్‌గా ఎక్కించే అలవాటు అక్కడ మొదలైంది.

2010 మార్చిలో గూగుల్ చైనా సెర్చ్‌ను హాంకాంగ్‌కు మళ్లించింది. ప్లే స్టోర్ చైనాలో అధికారికంగా అడుగే పెట్టలేదు, కంపెనీలు సొంత స్టోర్లు పెట్టుకున్నాయి. అయినా షావోమీ, వన్‌ప్లస్ చైనా మోడళ్లలో చాలావాటికి గూగుల్ పునాది సర్వీసులు లోపలే ఉంటాయి, ఆఫ్ చేసి ఉంటాయంతే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ విభాగంలో గూగుల్ స్విచ్ ఆన్ చేసి, ప్లే స్టోర్ ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) వేస్తే పని అయిపోతుంది. దీనికి డబ్బు గుంజడం అన్యాయం! నోటిఫికేషన్లు ఆలస్యమైతే ఆయా యాప్‌లకు ఆటోస్టార్ట్ (వాటంతటవే మొదలయ్యే అనుమతి) ఇచ్చి, బ్యాటరీ ఆంక్ష తీసేయాలి.

పునాదే లేని ఫోన్‌తోనే తిప్పలు. ముందు గూగుల్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్, తర్వాత ప్లే సర్వీసెస్, చివర ప్లే స్టోర్: ఇదీ వరుస. ప్లే సర్వీసెస్ ఏపీకే ఆండ్రాయిడ్ వెర్షన్‌కూ ప్రాసెసర్‌కూ సరిపోవాలి, లేకుంటే ఆగిపోయిందన్న సందేశం పదేపదే వస్తుంది. అన్నీ సరిపోయినా, మామూలు యాప్‌గా వేస్తే దానికి కావాల్సిన సిస్టమ్ అనుమతులు రావు.

2018 మార్చిలో గూగుల్ ఇంకో గొళ్లెం బిగించింది. ఆ నెల 16 తర్వాత తయారైన, గూగుల్ సర్టిఫికెట్ లేని రోమ్‌లలో లాగిన్ ఆపేసింది. కస్టమ్ రోమ్ వాళ్లు ఫ్రేమ్‌వర్క్ ఐడీని (ఆ ఫోన్‌కు గూగుల్ సర్వీసుల్లో ఉండే గుర్తింపు సంఖ్య) గూగుల్ పేజీలో నమోదు చేసుకోవచ్చు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ ఐడీ మారుతుంది, మళ్లీ నమోదే. నమోదైనా సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు, ప్లే ఇంటెగ్రిటీ (ఫోన్ నమ్మదగినదేనా అని గూగుల్ చేసే పరీక్ష) చూసే బ్యాంకు, యూపీఐ యాప్‌లు మొండికేయొచ్చు.

హువావే కథ 2019 మేలో అమెరికా ఆంక్షలతో మొదలైంది. సెప్టెంబరులో మేట్ 30 గూగుల్ లేకుండా వచ్చింది. ఎల్‌జెడ్‌ప్లే అనే యాప్, సంస్థల ఫోన్లను అదుపు చేసేందుకు ఉంచిన అధికారాలను వాడుకుని, గూగుల్ ఫైళ్లను సిస్టమ్ యాప్‌లుగా ఎక్కించేది. గుట్టు బయటపడగానే అక్టోబరులో ఆ సైటే మాయమైంది. ఇప్పుడు వీటికి ఒక దారి మైక్రోజీ (ప్లే సర్వీసెస్‌కు ప్రత్యామ్నాయం), అరోరా స్టోర్ (ప్లే స్టోర్ యాప్‌లను దింపుకునే యాప్) జంట.

షావోమీ చైనా ఫోన్లో దుకాణదారు గ్లోబల్ రోమ్ (చైనా బయటి మార్కెట్ల సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఇస్తే బూట్‌లోడర్‌ను (ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టే భాగం) తిరిగి లాక్ చేయకండి. చాలా మోడళ్లలో ఈ రోమ్ ఈ ఫోన్‌కు చెల్లదంటూ ఫోన్ మామూలుగా తెరుచుకోక రికవరీ తెరలోనే ఆగిపోతుంది.