ఏడీహెచ్‌డీకి మాత్రా, తిండి మార్పా? ఈ తగాదా అర్థం కావాలంటే 1999కి వెళ్లాలి

పెట్రోలియం నుంచి తయారయ్యే తిండి రంగులను దశలవారీగా తప్పిస్తామని 2025 ఏప్రిల్ 22న అమెరికా ఆరోగ్య శాఖ ప్రకటించింది. సరిగ్గా నెలకు, మే 22న, పిల్లల ఆరోగ్యంపై అక్కడి ప్రభుత్వ కమిషన్ నివేదిక వచ్చింది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) పేరుతో పిల్లలకు స్టిమ్యులెంట్ మందులు, అంటే మెదడును ఉత్తేజపరిచే మందులు, ఎక్కువగా రాసేస్తున్నారని అందులో ఓ విమర్శ. దాంతో, ఏడీహెచ్‌డీకి మందు కావాలా, రంగుల తిండి మానేస్తే చాలా అనే పాత తగాదా మళ్లీ రాజుకుంది. అక్కడ పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లూ, ఇక్కడి అమ్మానాన్నలూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: మాత్ర ఆపేసి తిండి మారిస్తే సరిపోతుందా?

1955లో రిటాలిన్ అనే స్టిమ్యులెంట్ మాత్రకు అనుమతి రావడం, 1987లో ఈ సమస్యకు ఇప్పటి పేరు స్థిరపడటం చాలాసార్లు రాసిన సంగతులే. ఇవాళ్టి వాదనలకు ముడిసరుకు మాత్రం 1999 డిసెంబరులో వచ్చిన ఒక్క అధ్యయనం. దాన్ని క్లుప్తంగా ఎంటీఏ అంటారు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో, ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 579 మంది పిల్లలపై 14 నెలలు జరిగింది. పిల్లల్ని నాలుగు బృందాలు చేశారు: మందు మాత్రమే, బిహేవియర్ థెరపీ (ప్రవర్తన మార్చే శిక్షణ) మాత్రమే, రెండూ కలిపి, బయట మామూలుగా దొరికే వైద్యం.

నిలకడ లేకపోవడం, ఒకచోట కూర్చోలేకపోవడం లాంటి ప్రధాన లక్షణాలు మందు బృందంలో, రెండూ కలిపిన బృందంలో బాగా తగ్గాయి. మందే గెలిచిందని పత్రికలు రాశాయి. కానీ నాలుగో బృందాన్ని చూడండి. అందులోనూ మూడింట రెండొంతుల మంది పిల్లలు మందు వాడుతున్నవాళ్లే. ఎక్కువమందికి అదే రకం మాత్ర. అయినా ఫలితం బాగా వెనకబడింది. ఎందుకు?

అధ్యయనంలో మందు ఇచ్చిన తీరు వేరు. మొదటి 28 రోజులు డోసు వెతకడానికే కేటాయించారు. ఒకరోజు తక్కువ డోసు, ఒకరోజు ఎక్కువ, ఒకరోజు మందే లేని ఉత్తుత్తి మాత్ర. ఏ రోజు ఏది ఇచ్చారో తల్లిదండ్రులకూ టీచర్లకూ చెప్పలేదు. పిల్లవాడు ఎలా ఉన్నాడో వాళ్లు రోజూ మార్కులు వేశారు. ఆ మార్కులన్నీ చూశాకే డోసు ఖాయం చేశారు. తర్వాత నెలనెలా డాక్టర్ దగ్గర అరగంట. టీచరుతో మాట్లాడటం కూడా అందులో భాగమే. బయటి వైద్యంలో పిల్లలు ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ కాసేపే, డాక్టర్‌ను చూశారు. డోసు తక్కువ, రోజుకు మూడుసార్లకు బదులు రెండుసార్లు, టీచరు ఏమంటోందో అడిగినవాళ్లు దాదాపు లేరు. నా దృష్టిలో మొత్తం అధ్యయనంలో అసలు సంగతి ఇదే. వార్తల్లో దీనికి దక్కిన చోటు మాత్రం చాలా తక్కువ.

బిహేవియర్ థెరపీ కూడా నామమాత్రంగా జరగలేదు. తల్లిదండ్రులకు 27 గ్రూప్ క్లాసులు, వేసవిలో పిల్లలకు ఎనిమిది వారాల క్యాంపు, బడిలో కొన్నాళ్లు ఓ సహాయకుడు, రోజూ ఇంటికి వచ్చే రిపోర్టు కార్డు. రెండూ కలిపిన బృందంలో తక్కువ డోసుతోనే పని జరిగింది.

14 నెలలు అయిపోయాయి. అందరూ మామూలు వైద్యానికి వెళ్లిపోయారు. 2007లో వచ్చిన మూడేళ్ల ఫలితాల్లో బృందాల మధ్య తేడా చెరిగిపోయింది. మందు వాడిన పిల్లల్లో ఎదుగుదల కాస్త తగ్గిందనీ, వాడనివాళ్లతో పోలిస్తే దాదాపు 2 సెంటీమీటర్ల ఎత్తు తేడా వచ్చిందనీ తేలింది. మందు వద్దనేవాళ్లు ఇప్పటికీ చేతిలో పట్టుకుని తిరిగేది ఈ ఫలితాన్నే. ఎత్తు సంగతి నిజం, డాక్టర్లు కొలుస్తూ ఉండాల్సిందే. కానీ మందు పనికిరాదనడానికి ఇది రుజువు కాదు. అప్పటికి థెరపీ బృందంలోనే 45 శాతం మంది మందు వాడుతున్నారు, మందు బృందంలో కొందరు ఆపేశారు. అధ్యయనం తరఫున నెలనెలా చూసే డాక్టరు ఎవరికీ లేరు.

అదే 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ నుంచి రంగుల అధ్యయనం వచ్చింది. మూడేళ్ల పిల్లలు 153 మంది, ఎనిమిది తొమ్మిదేళ్లవాళ్లు 144 మంది. కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం తాగాక పిల్లల్లో అతి చురుకుదనం కొంత పెరిగింది. వీళ్లు ఏడీహెచ్‌డీ ఉందని ఎంచుకున్న పిల్లలు కారు, మామూలు పిల్లలు. 2010 జులై నుంచి యూరప్‌లో ఆ అధ్యయనంలో వాడిన ఆరు రంగులు వాడితే ప్యాకెట్ మీద హెచ్చరిక తప్పనిసరైంది. మన దేశంలో అనుమతించిన ఎనిమిది కృత్రిమ రంగుల్లో ఆ ఆరింటిలోవి నాలుగున్నాయి: టార్ట్రజైన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, పోన్సో 4ఆర్. ఇక్కడ అలాంటి హెచ్చరిక లేదు. రంగుల మిఠాయిలు, కూల్‌డ్రింకులు తగ్గిస్తే పోయేదేమీ లేదు, తగ్గించండి. కొందరు పిల్లల్లో తేడా కనిపిస్తుంది కూడా. మందుకు అది సాటి వస్తుందని మాత్రం ఆ అధ్యయనం చెప్పలేదు.

ప్రకృతి వైద్యం పేరుతో చెప్పే మిగతావాటి సంగతీ అంతే. చేపనూనె ప్రభావం ఉన్నా చిన్నదని 2013లో పాత పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. నిద్ర, ఆట ఏ పిల్లవాడికైనా మేలే. బ్రాహ్మి, సరస్వతి ఆకు మీద జరిగినవి చిన్నచిన్న పరీక్షలు. 2004లో వచ్చిన ఓ అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. పిల్లవాడికి ఏ లేహ్యం ఇస్తున్నా డాక్టరుకు చెప్పాలనడం అందుకే.

ఆరేళ్లలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణ, ఆ తర్వాత వయసుకు మందూ థెరపీ రెండూ అని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఇక్కడ అది అమలు కావడమే కష్టం. రిటాలిన్‌లో ఉండే మందు మిథైల్‌ఫెనిడేట్ ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) జాబితాలో ఉండటంతో ప్రతి మందుల షాపులోనూ దొరకదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. దాంతో ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లవాడి విషయంలో టీచరు రోజూ ఓ కాగితం నింపి ఇంటికి పంపాలన్నా, పరీక్షలో కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వాలన్నా, చాలావరకు అది ఆ స్కూలు మంచితనమే.