"ఫార్మాటింగ్ ఒక్కటే మిగిలింది మాస్టారూ": పరిశోధన వ్యాసాల మీద అపోహలు - వాస్తవాలు

"మాస్టారూ, పేపరు అయిపోయింది. ఫార్మాటింగ్ ఒక్కటే మిగిలింది. రేపు సాయంత్రానికి ఇచ్చేస్తారా?"

ఒడిశాలోని బరంపురంలో థీసిస్‌లు, జర్నల్ పేపర్లు సరిచేసే పని నాది. ఈ మాట వారానికి రెండుసార్లైనా వింటాను. బరంపురం విశ్వవిద్యాలయం ఉండే భంజబిహార్ నుంచి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చేవాళ్లు కొందరు. పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి ఫోన్‌లో ఫైలు పంపేవాళ్లు కొందరు. వీళ్లలో చాలామంది బడిలో ఒడియా చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, పేపరు మాత్రం ఇంగ్లీషులో రాస్తారు. ఫైలు తెరిచాక ఆ "ఒక్కటే" ఎంత పెద్దదో బయటపడుతుంది.

అపోహ: ఫార్మాటింగ్ అంటే ఫాంటు, మార్జిన్లు, డబుల్ స్పేసింగ్.

వాస్తవం: అవన్నీ కలిపి గంట పని. పెద్ద ప్రచురణ సంస్థల జర్నల్స్ చాలావరకు మొదటిసారి పంపేటప్పుడు ఏ రూపంలో ఉన్నా తీసుకుంటున్నాయి, చదవడానికి వీలుగా ఉంటే చాలు. అసలు పని ఏ వాక్యం ఎక్కడ కూర్చోవాలో తేల్చడం.

జీడితోటల మీద ఒక పేపరు వచ్చిందనుకోండి. రిజల్ట్స్‌లో ఇలా ఉంటుంది: "2018 తర్వాత దిగుబడి తగ్గింది. తిత్లీ తుపానులో పాత చెట్లు కూలిపోవడమే ఇందుకు కారణం." మొదటి వాక్యం మీరు కొలిచింది. రెండోది మీరు అనుకుంటున్నది. అది నిజమే కావచ్చు, గజపతి జిల్లాలో ఆ అక్టోబరు చూసినవాళ్లెవరూ కాదనరు. అయినా దాని చోటు డిస్కషన్. రెండూ ఒకచోట ఉంటే, కారణం కూడా మీరు కొలిచి తేల్చిందే అనుకుంటాడు జర్నల్ తరఫున పేపరు పరిశీలించే రివ్యూయర్. వెంటనే "దీనికి ఆధారమేది?" అని రాస్తాడు. దానికి జవాబు రాయడంలో మూడు నెలలు పోతాయి.

నా దగ్గరికి వచ్చినవాళ్లతో ముందు టేబుళ్లు, బొమ్మలు మాత్రమే వరసగా పెట్టిస్తాను. వాటి శీర్షికలు చదివితే కథ అర్థం కావాలి. తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్, ఆ తర్వాతే ఇంట్రడక్షన్. అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపరు సారాంశం, అన్నిటికన్నా చివర. వంట కాకముందే విస్తట్లో ఏం వడ్డిస్తామో చెప్పలేం కదా.

అపోహ: ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్ అనే నాలుగు గదుల ఇల్లు అందరికీ తప్పనిసరి.

వాస్తవం: 1665లో లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలైనప్పుడు వ్యాసాలు ఉత్తరాల్లా ఉండేవి. నాలుగు గదుల పద్ధతి గట్టిగా పాతుకుపోయింది 20వ శతాబ్దంలోనే, ముఖ్యంగా వైద్య పత్రికల్లో. నేచర్ పత్రిక మెథడ్స్‌ని చివరికి తోస్తుంది. చరిత్ర, సాహిత్యం, గణితం వాళ్లకి ఆ గదులతో పనే లేదు. సాహిత్య వ్యాసానికి బలవంతంగా "రిజల్ట్స్" అని హెడ్డింగ్ పెట్టి తెచ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. తీసేయమన్నాను.

అపోహ: మెథడ్స్ అందరికీ తెలిసిందే, నాలుగు ముక్కలు రాస్తే చాలు.

వాస్తవం: మన సరిహద్దు జిల్లాల పేపర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "గంజాం జిల్లాలో 120 మంది రైతులను ఇంటర్వ్యూ చేశాం" అని రాస్తారు. ఏ బ్లాకులు? ఏ నెలలు? ఆ 120 మందిని ఎలా ఎంచారు, దారిలో కనిపించినవాళ్లనా, జాబితాలోంచి తీశారా? మనవాళ్లు అసలు రాయనిది ఇంకొకటి ఉంది: ఏ భాషలో అడిగారు?

ప్రశ్నపత్రం ఇంగ్లీషులో తయారైంది. ఫీల్డుకి వెళ్లిన కుర్రాడు దాన్ని ఒడియాలో చదివాడు. ఎదురుగా ఉన్నామె తెలుగులో జవాబు చెప్పింది. పక్క ఊళ్లో అయితే సవరలో చెప్పారు, ఎవరో ఒకాయన తెలుగులోకి మార్చాడు. ఆ జవాబు మళ్లీ ఇంగ్లీషులో టిక్కు అయింది. ఇన్ని చేతులు మారిన మాట గురించి పేపర్లో ఒక్క ముక్క ఉండదు. ఇది దాచుకోవాల్సిన లోపమని కొందరి భయం. రాస్తేనే బలం. ప్రశ్నలను ఎవరు అనువదించారు, తిరిగి ఇంగ్లీషులోకి మరొకరితో మార్పించి సరిపోల్చారా, దుబాసీ ఎవరు, ఎన్ని ఇంటర్వ్యూలు ఏ భాషలో జరిగాయి: నాలుగైదు వాక్యాల పని. మన పేపరు ఎక్కడిదో చదివేవాళ్లకి తెలిసేది కూడా అక్కడే.

ల్యాబు వాళ్ల సంగతి వేరు. "ఫాస్ఫరస్‌ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో కొలిచాం" అని రాసి మూలాన్ని చూపిస్తే సరిపోతుంది, కానీ ఆ పద్ధతిలో మీరు మార్చిన ప్రతిదీ రాయాలి. రసాయనం పాళ్లు, వేచిన సమయం, యంత్రం మోడల్, అన్నీ. 1925లో మన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే కలిసి రాసిన ఆ వ్యాసం 26 పేజీలుంది. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్‌ఏ మీద రాసింది పేజీకి కాస్త ఎక్కువ. ఎన్ని పేజీలుండాలి మాస్టారూ అని అడిగేవాళ్లకి ఈ రెండూ చూపిస్తాను.

అపోహ: పేరు ఎలా రాస్తే ఏముంది, మనిషి ఒకడేగా.

వాస్తవం: కంప్యూటరుకి ఒకడు కాదు. సుబ్బారావు గారి ఇంటిపేరు ఎల్లాప్రగడ. ప్రపంచం ఆయన్ని "సుబ్బారావు, వై." అని ఎక్కించుకుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు సంఖ్యాశాస్త్రంలో "రావు, సి. ఆర్." అయిపోయారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని పుస్తకాలు రాసిన గిడుగు వారిని భాషాశాస్త్రం వ్యాసాల్లో వెతకాలంటే "రామమూర్తి, జి. వి." దగ్గర చూడాలి. గిడుగు అని వెతికితే దొరకడం కష్టం.

వాళ్లంతటివాళ్లు కాబట్టి ఏ పేరుతో ఉన్నా దొరుకుతారు. మన సంగతి అలా కాదు. మన దగ్గర చిక్కు రెండింతలు. ఇక్కడ ఒడియా బడిలో చదివిన పిల్లకి సర్టిఫికెట్లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. ఇచ్ఛాపురం అవతల, ఆంధ్రలో చదివిన అన్నకి ముందుంటుంది. పెళ్లయ్యాక ఇంకోటి చేరుతుంది. జర్నల్ ఫారంలో "లాస్ట్ నేమ్" అన్న గడి దగ్గర ఒకసారి ఇంటిపేరు, మరోసారి "రావు", ఇంకోసారి "కుమారి" కొడతారు. మూడు పేపర్లు ముగ్గురు మనుషుల ఖాతాలో పడతాయి. మొదటి పేపరుకే ఒక రూపం ఖాయం చేసుకోండి. పరిశోధకులకి గుర్తింపుగా ఉచితంగా వచ్చే ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకోండి, 16 అంకెలు, అయిదు నిమిషాల పని. ఆధార్‌లా కాదు, ఓటీపీ కోసం టవరు వెతుక్కోనక్కర్లేదు.

ఊరి పేరూ అంతే. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో ఒక బహరంపూర్ ఉంది. ఇంగ్లీషులో మన ఊరికీ దానికీ తేడా ఒకటి రెండు అక్షరాలే. పైగా మనదాన్ని బ్రహ్మపూర్ అని కూడా రాస్తారు. అందుకే అఫిలియేషన్‌లో, అంటే మీ సంస్థ చిరునామాలో, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్ వదలొద్దు.

అపోహ: సిమిలారిటీ, అంటే ఇతరుల రాతతో సాఫ్ట్‌వేర్ చూపే పోలిక, 10 శాతం లోపు వస్తే పేపరు శుభ్రం.

వాస్తవం: యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు, అంతవరకే. 10 దాటితే 40 వరకు ఒక మెట్టు, 60 వరకు ఇంకోటి, ఆపైన మరొకటి. రిఫరెన్సులు, మూలం చూపించి కోట్ చేసిన భాగాలు లెక్కలోకి రావు. ఇక ఆ అంకె తగ్గించడానికి సాఫ్ట్‌వేర్‌తో మాటలు మార్పించడం మహా పాపం. "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయి కూర్చున్న పేపర్లు నిజంగానే అచ్చయ్యాయి, తర్వాత పట్టుబడ్డాయి. కాపీ కొట్టినా మనిషి రాసినట్టుంటుంది, ఇది అదీ కాదు.

అపోహ: రిఫరెన్సులు ఆఖర్న కూర్చుని టైపు చేసుకోవచ్చు.

వాస్తవం: కూర్చోండి. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో వైద్య పత్రికల సంపాదకులు కలిసి ఖాయం చేసిన పద్ధతిలో మూలాలకి వరస నంబర్లుంటాయి. మధ్యలో ఒక పేరా పైకి జరిపారంటే 7 కాస్తా 3 అవుతుంది, వెనకవన్నీ మారతాయి. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనంతా చేసిపెడుతుంది. అయితే నెట్‌లోంచి అది లాక్కొచ్చిన వివరాలు గుడ్డిగా నమ్మొద్దు. సముద్ర తాబేలు శాస్త్రీయ నామం ఇటాలిక్స్ పోయి వస్తుంది, రచయిత పేరు మొత్తం పెద్దక్షరాల్లో వస్తుంది. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి.

చిన్నాచితకా కొన్ని. గణాంకాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ "పి = 0.000" అని చూపిస్తే అలాగే దించకండి, 0.001 కన్నా తక్కువ అని రాయండి. లక్షని మనం 1,00,000 అని రాస్తాం, విదేశీ జర్నల్‌లో 100,000. టేబులుని ఫొటో తీసి అతికించకండి. టేబులు శీర్షిక పైన, బొమ్మ శీర్షిక కింద. బొమ్మలకి కనీసం 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అడుగుతారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది నలిగిపోయి వస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. రుషికుల్య ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్ల ఫొటో ఒకటి నాకు అలా వచ్చింది. తాబేలేదో రాయేదో తెలియలేదు.

అపోహ: పీహెచ్‌డీ సమర్పించాలంటే పేపరు ఉండి తీరాలి, కాబట్టి "టెంప్లేట్‌లో పోసి పంపండి, మూడు రోజుల్లో అచ్చు" అన్నవాళ్లే దిక్కు.

వాస్తవం: 2022 యూజీసీ నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా పెట్టుకుందేమో అడిగి తెలుసుకోండి. మూడు రోజుల్లో రివ్యూ కాదు కదా, రివ్యూయర్ ఒప్పుకోవడం కూడా జరగదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అలాంటి ఒక జర్నల్‌కి నేనే ఒకరి పేపరు సిద్ధం చేసి పంపించాను. డబ్బు కట్టాక వచ్చిన అచ్చులో టేబులు 2 రెండుసార్లు ఉంది, టేబులు 3 అసలు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అపోహ: రెండు రోజుల్లో తిరిగొచ్చిందంటే పేపరు పనికిరాదన్నట్టే.

వాస్తవం: అంత తొందరగా వచ్చేది చాలాసార్లు టెక్నికల్ చెక్. లైను నంబర్లు లేవని, ఎథిక్స్ అనుమతి నంబరు రాయలేదని, అబ్‌స్ట్రాక్ట్ 250 మాటలు దాటిందని. మొన్న పర్లాకిమిడి నుంచి ఒకమ్మాయి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. రచయితలెవరో రివ్యూయర్‌కి తెలియకూడని జర్నల్ అది. టైటిల్ పేజీ విడిగానే పెట్టింది, కృతజ్ఞతలు తీసేసింది, అయినా వెనక్కి వచ్చింది. ఫైలు పంపించమన్నాను. ఫైలు పేరులోనే ఆమె ఇంటిపేరు ఉంది. వర్డ్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే రచయిత గడిలో వాళ్ల గైడు గారి పేరు, ఆయన కంప్యూటర్లో మొదలుపెట్టిన ఫైలట. రెండూ చెరిపి రాత్రి పదకొండుకి మళ్లీ ఎక్కించింది. "ఇంకెక్కడైనా ఉంటుందా మాస్టారూ?" అంది. మెథడ్స్‌లో చూడమన్నాను. "మా కళాశాల ల్యాబులో" అని కళాశాల పేరుతో సహా ఉంది.