చిన్నమ్మమ్మ మందు సంగతి

పర్లాకిమిడి

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "చిన్నమ్మమ్మకి ఎక్కించింది నకిలీ మందా?" అని అడిగారు. నాకు వెంటనే మాట రాలేదు. ఇక్కడ మా వీధిలో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఇంకో మాట అంటున్నారు. పథ్యం చేయలేదట, ఆవకాయ తిన్నదట, అందుకే అండాశయం క్యాన్సర్ తిరగబెట్టిందట. రెండూ తప్పే. ఆ మాటలు తన చెవిన పడి ఎంత ఏడ్చిందో నేను చూశాను.

మందు పని చేసింది. మూడో కీమోకే పొట్టలో నీరు తగ్గి, లంగా బొందు మళ్లీ బిగించి కట్టుకుంది. విశాఖ నుంచి వచ్చేటప్పుడు గుణుపూర్ పాసింజరులో తనే నాకు వేరుశనగ కాయలు ఒలిచి పెట్టింది. ఆఖరి కీమో అయిన ఐదో నెలలో పొట్ట మళ్లీ ఉబ్బింది.

ఆ మందు కార్బోప్లాటిన్. అందులో ప్లాటినం లోహం ఉంటుంది. ఈ జాతి మందులకు పెద్దన్న సిస్‌ప్లాటిన్. అది దొరికిన కథ మీకు నచ్చుతుంది. అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా పెరిగే ద్రవంలోకి ప్లాటినం కడ్డీలతో కరెంటు పంపారు. ఆ బ్యాక్టీరియా రెండుగా చీలడం మానేసి, దారాల్లా 300 రెట్ల దాకా పొడుగు సాగాయి. కారణం కరెంటు కాదు, కడ్డీల నుంచి కరిగిన ప్లాటినమని 1965లో ప్రకటించారు. చీలడాన్ని ఆపేది క్యాన్సర్‌నీ ఆపుతుందేమోనని తర్వాత చూశారు.

ప్లాటినం కణంలోని డీఎన్‌ఏకి ముడి వేస్తుంది. విప్పుకోలేని కణం చస్తుంది. కొందరి క్యాన్సర్‌లో, ముడులు విప్పే పనిలో ఉండే బీఆర్‌సీఏ జన్యువు పాడై ఉంటుంది. అందుకే ఆ క్యాన్సర్ మందుకు బాగా లొంగుతుంది. కానీ కోట్ల కణాల్లో ఏ ఒక్కదానిలోనో ఇంకో మార్పు వచ్చి, పాడైన జన్యువు మళ్లీ పనిలో పడుతుంది. మిగతావి చచ్చినా అది మిగిలి, పెరుగుతుంది. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒకే మనిషి ఒంట్లో ఇలాంటి మార్పులు విడివిడిగా ఎన్నోసార్లు వచ్చినట్టు చూపించారు. ఇంకొన్ని కణాలు తమ పై పొరలో పంపులు పెంచుకుని, కార్బోప్లాటిన్‌తో కలిపి ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే ఇంకో మందుని బయటికి తోడేస్తాయి.

చిన్నమ్మమ్మ ఒంట్లో వీటిలో ఏది జరిగినా, అది తన తప్పు ఎలా అవుతుంది చెప్పండి? ఆరు నెలల లోపే తిరగబెడితే ప్లాటినానికి లొంగడం లేదనుకుంటారు. అందుకే డాక్టరుగారు మందు మార్చారు. రేపు రెండోసారి ఎక్కిస్తారు.

సెలవులకు వచ్చేటప్పుడు మీ అమ్మ పెట్టిన ఆవకాయ ఒక చిన్న సీసాడు తీసుకురండి. నోట్లో పుండ్లు లేనప్పుడు తినొచ్చన్నారు డాక్టరుగారు. నేనే అడిగాను.

మీ అమ్మమ్మ