అపాచీ తలుపు తట్టిన వర్మ్

"విండోస్‌కే ఇన్ని వైరస్‌లెందుకు?" అని సిస్టమ్‌లు బాగుచేసే ఏ కుర్రాడినడిగినా జవాబు ఒకటే: "ఎక్కువమంది వాడేది అదే కదండీ!" సంత ఎక్కడుంటే జేబుదొంగలూ అక్కడే అన్నమాట. సబబుగానే ఉంది కానీ, 2001లో జరిగింది ఈ లెక్కకి లొంగదు.

అప్పట్లో ప్రపంచంలోని వెబ్‌సైట్లలో సగానికి పైగా అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ (అడిగినవాళ్లకి సైటు పేజీలు పంపేది) మీద నడిచేవి. మైక్రోసాఫ్ట్ ఐఐఎస్‌ది రెండో స్థానం, అదీ బాగా వెనక. జులై 19న కోడ్ రెడ్ అనే వర్మ్ (ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రాం) విరుచుకుపడి, 14 గంటలు తిరక్కుండానే 3,59,000కు పైగా కంప్యూటర్లను పట్టేసింది. అన్నీ ఐఐఎస్ నడిపేవే.

అపాచీ జోలికి అది పోలేదనుకునేరు. దొరికిన ఐపీ అడ్రసుకల్లా, అంటే నెట్‌లో కంప్యూటర్ల చిరునామాలకల్లా, అదే రిక్వెస్ట్ పంపింది. అపాచీ నడిపేవాళ్లు, వచ్చిన రిక్వెస్టులన్నీ నమోదయ్యే లాగ్ ఫైలు తెరిస్తే 'డిఫాల్ట్ డాట్ ఐడీఏ' అన్న పేరు, దాని వెనకే రెండు వందలకు పైగా 'ఎన్' అక్షరాలు బారులు తీరి కనిపించేవి. పక్కన 404, అంటే అలాంటి ఫైలు ఇక్కడ లేదని. అంతటితో సరి. ఐఐఎస్‌లో మాత్రం ఆ ఎన్‌ల వరస తనకిచ్చిన మెమరీ దాటి పొర్లేది. ఇక అక్కడ వర్మ్ చెప్పిందే వేదం.

ఆ రిక్వెస్ట్‌ని అందుకునేది ఇండెక్సింగ్ భాగం, అంటే ఫైళ్లలో వెతకడానికి పనికొచ్చేది. లోపమున్నది అందులోనే. అది ఎవరూ అడక్కుండానే ఐఐఎస్‌తో పాటు వచ్చేది. విండోస్ 2000 సర్వర్ వేస్తే ఐఐఎస్సూ దానంతటదే దిగేది. తమ మెషీన్లో వెబ్ సర్వర్ ఒకటి నడుస్తోందని తెలియనివాళ్లు బోలెడుమంది. పైగా లోపలికి దూరిన కోడ్‌కి దక్కేది సిస్టమ్ హోదా, అంటే ఇంటి తాళంచెవుల గుత్తి మొత్తం. లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ నెల ముందే, జూన్ 18నే వచ్చింది. వేసుకుంటే కదా!

ఇంకోటి, ఐఐఎస్‌లన్నీ దాదాపు ఒకే అచ్చు. అపాచీని లినక్స్, సొలారిస్, ఫ్రీబీఎస్‌డీ లాంటి వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఎవరికి తోచినట్టు వాళ్లు కంపైల్ చేసుకునేవారు, అంటే ప్రోగ్రాం రాతని తమ మెషీన్‌కి సరిపడేలా మలచుకునేవారు. ఊరంతా సాంబ మసూరే వేస్తే అగ్గితెగులు గట్లు దాటి ఎలా పాకుతుందో మన రైతులకి చెప్పక్కర్లేదు. సంఖ్య కన్నా ఈ ఒకే పోలికే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

సంఖ్య తక్కువైతే వదిలేస్తారనీ లేదు. 2004 మార్చిలో వచ్చిన విటీ వర్మ్‌కి ప్రపంచం మొత్తం మీద దొరికినవి సుమారు 12,000 మెషీన్లే. ముప్పావుగంటలో దాదాపు అన్నీ దాని పాలయ్యాయి. అది దూరింది ఫైర్‌వాల్ (బయటి దాడుల్ని ఆపే) సాఫ్ట్‌వేర్‌లోని లోపం గుండానే. భద్రత కోసం వేసుకున్నవాళ్లే దెబ్బతిన్నారు, పాపం!

జనాదరణ లెక్క బాగా పనిచేసేది డబ్బు వేటలో. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖనీ, ట్రాఫిక్ చలానా అనీ ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ యాప్‌ని ఫోన్‌లో దింపేవి) పంపే మోసగాళ్లు ఆండ్రాయిడ్‌నే ఎంచుకుంటారు, మన చేతుల్లో ఎక్కువ ఉన్నవి అవే గనక. అయితే బయటి యాప్‌లని దిగనిచ్చే మీటని ఆండ్రాయిడ్ మామూలుగా ఆపేసే ఉంచుతుంది. దాన్ని మన వేలితోనే నొక్కించడానికే ఆ శుభలేఖ.