పాత ఇంజన్ కూడా స్టాకే

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ విప్పి, క్రాంక్ షాఫ్టుని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) గ్రైండింగుకి పంపి, సన్నబడిన షాఫ్టుకి సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు వేసి మళ్ళీ బిగించడం చూసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. అరిగింది మిల్లీమీటరులో ఎంతో కొంత, అంతే, మిగతా లోహమంతా రాయిలా ఉంటుంది. ఇంజన్ బ్లాకు పోత ఇనుముది, దాన్ని కరిగించాలంటే దాదాపు 1,200 డిగ్రీల వేడి కావాలి. అరిగిన సిలిండర్లని బోరు చేసి స్లీవులు (లోపలి గొట్టాలు) వేస్తే ఆ వేడికి కాల్చాల్సిన ఇంధనం మొత్తం మిగులుతుంది.

ఇదే పనిని ఫ్యాక్టరీలో చేసి, ప్రతి భాగాన్నీ కొత్తదాని కొలతలకి తెచ్చి, పరీక్షించి, గ్యారంటీతో అమ్మితే అది రీమాన్యుఫాక్చరింగ్. రెనో కంపెనీ పారిస్ దగ్గర 1949లోనే మొదలుపెట్టింది, క్యాటర్‌పిల్లర్ 1973లో.

అసలు చిక్కంతా గోడౌన్‌లో ఉంది. కొత్త సరుకు ఆర్డర్ పెడితే వస్తుంది, పాత ఇంజన్ ఎప్పుడొస్తుందో, వచ్చినా పగుళ్ళతో వస్తుందో బాగుంటుందో ఎవరు చెప్పగలరు? అందుకే క్యాటర్‌పిల్లర్ ధర మీద డిపాజిట్ కలుపుతుంది, పాత భాగం తెచ్చిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. మన దగ్గర పాత ఇనుము కొట్టులో అదే భాగాన్ని కిలోల లెక్కన తూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి కూడా ధర వచ్చింది. యూరప్‌లో 2005 నుంచి ఉంది, మన ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ నోటిఫై చేసింది. సరుకు తెచ్చే లారీ డీజిల్ కూడా కార్బనే వదులుతుంది కాబట్టి, దీంతో ఒకసారికి ఎంత సరుకు తెప్పించాలన్న లెక్క కూడా మారుతుంది. 1913 నాటి పాత సూత్రం ఒకటుంది, ఆర్డర్ ఖర్చూ నిల్వ ఖర్చూ కలిపి అతి తక్కువయ్యే పరిమాణం చెబుతుంది. దానికంటే 20 శాతం ఎక్కువ తెప్పించినా ఆ మొత్తం ఖర్చు పెరిగేది 2 శాతం లోపే, కానీ ప్రతి ఆరు లారీ ట్రిప్పుల్లో ఒకటి తగ్గిపోతుంది! అంత చిన్న ఖర్చుకి అంత డీజిల్ ఆదా అంటే వదులుకోకూడదు.

చేపలకో మందులకో ఈ లెక్క పనిచేయకపోవచ్చు, నిల్వ పెరిగితే కోల్డ్ స్టోరేజీ కరెంటూ పెరుగుతుంది కదా. ఇంజన్ బ్లాకుకి ఏసీ అక్కర్లేదు. తుప్పు పట్టకుండా నూనె రాసి, తడి తగలని షెడ్డులో పెడితే వచ్చే ఏడాది ఆర్డరుకి కూడా పనికొస్తుంది.